ఇఫ్ పెట్టిన తిప్పలు

పరీక్షలు దగ్గరపడ్డాయంటే కుల్కచర్లలో టెంత్ పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా 'ఇఫ్' గోలే. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు రకాలట.

మొదటి రెండింటితో పెద్ద పేచీ లేదు. వాన పడితే కంది విత్తుతాం: "ఇఫ్ ఇట్ రెయిన్స్, వియ్ విల్ సో." పడేది రేపే అయినా ఇఫ్ ఉన్న ముక్కలో 'విల్' రాయకూడదు. రాస్తే మార్కు పోయినట్టే. వాన సంగతి దేవుడెరుగు.

తంటా అంతా సెకండ్‌తోనే. "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ ట్రాక్టర్." చేతిలో డబ్బు లేనిది ఇవాళ, క్రియ మాత్రం నిన్నటిది. 'ఐ' పక్కన 'వర్' రాస్తే ఇన్నేళ్లూ చెవి మెలిపెట్టిన సారే ఇప్పుడు "ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్" అని బోర్డు మీద రాస్తాడు.

ఈ పక్షి సంగతి తేల్చాల్సిందే. ఏ గైడు తెరిచినా ఇదే ఎగురుతుంటుంది. కాకో, పిచ్చుకో ఎవరూ చెప్పరు. జొన్న కంకి మీద వాలితే వడిసెల రాయి ఎలా తగులుతుందో గైడు రాసినాయనకు పట్టదు. అయితే గియితే నెమలే కావాలి. 1963 నుంచి జాతీయ పక్షి, పైగా 1972 వన్యప్రాణి చట్టం అండ. విత్తనాలు ఏరుకు తిన్నా అదిలించడమే తప్ప చెయ్యి వేసే వీల్లేదు. నోటికి రుచి కావాలంటే తిన్నగా తాండూరు ఎగిరిపోవచ్చు. అక్కడి కందికి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

"సార్, పిట్టనైతే ఎగురుత. కాకుంటే బస్ పాస్ ఉన్నది. గిండ్ల గ్రామర్ ఏమున్నది?"

"అర మార్కు ఉన్నదిరా, కూసో."

ఇక థర్డ్. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడి ఉండకపోతే కుల్కచర్ల ఇప్పటికీ రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. దీన్ని ఇంగ్లీషు చేయబోతే మొదటి సగం థర్డ్, రెండో సగం సెకండ్. 'మిక్స్‌డ్' అని ఐదో రకం ఒకటి ఉందని అప్పుడు బయటపెడతారు. నాలుగే అన్నవాళ్లను అడిగే నాథుడు లేడు.

పిల్లలకు నోరు తిరగని ఆ థర్డ్‌లోనే పెద్దవాళ్లు పొద్దస్తమానం మాట్లాడుకుంటారు. కంది పూత మీద మంచు పట్టకపోయి ఉంటే. ఆ బోరులో నీళ్లు పడి ఉంటే. రోడ్డు పక్క రెండెకరాలు అప్పుడు అమ్మకపోయి ఉంటే. జరగని గతమంటుంది వ్యాకరణం. బోరుకు తెచ్చిన అప్పు మాత్రం జరిగిందే, వడ్డీ నడుస్తూనే ఉంది.

ఇంగ్లీషు సార్లకు ఒక్క మనవి. 'హాడ్ ప్లస్ వీ త్రీ' అని పట్టిక గీసి బట్టీ పట్టించే ముందు, ఇంట్లో విన్న ఇలాంటి మాట ఒక్కటి చెప్పమని పిల్లల్ని అడగండి. పట్టిక మర్నాడు గీయొచ్చు.