కారు కొన్నవాడి మొర

అయ్యా, వనపర్తిలో కాపురముంటూ, బుద్ధి గడ్డితిని రెండేళ్ల కింద కారు కొన్న నేను చేసుకుంటున్న మొర. ముద్దాయి మా ఇంటి ముందే ఉంది. తెల్లరంగు, నాలుగు చక్రాలు, ఎడమ అద్దానికి సుతిలితాడు కట్టు.

దాన్ని లోపలికి ఎక్కించడానికి అరుగు పగలగొట్టాం. పొద్దున ఎండకు మా అమ్మ కూర్చునే అరుగది. ఇప్పుడు ఆ ఎండలో కారు కూర్చుంటుంది, మా అమ్మ మెట్టు మీద ఒదుగుతుంది.

ఎందుకు కొన్నావయ్యా అంటే ఏం చెప్పను? 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కాగితం ముక్క కోసం పాలమూరు దాకా పోయే పని తప్పింది. కలెక్టరాఫీసు దగ్గరికి వచ్చాక ఒకరి తర్వాత ఒకరం అందరం కార్లు కొన్నాం.

పోనీ రైలెక్కుదామా? మా స్టేషన్ పేరు ‘వనపర్తి రోడ్’, ఉండేది మదనాపురంలో. రైల్వేవాళ్ల భాషలో ఊరిపేరు వెనక ‘రోడ్’ అని ఉంటే ఊరు ఇక్కడ లేదు, దిగి వెతుక్కొమ్మని. గద్వాలవాళ్లది నయం, 2013లో రాయచూరు లైను కలిసి జంక్షనైంది. నాగర్‌కర్నూల్‌కు పట్టాలే లేవు. గద్వాల–మాచర్ల లైను వస్తుందని విని విని నా జుట్టు నెరిసింది.

ఇక అసలు అవమానం. మొన్న పెళ్లి చీరలకు గద్వాల ప్రయాణం పెట్టుకున్నాం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, మా ఆవిడ ఆధార్ కార్డు సంచిలో వేసుకుంది.

“నేను బస్సుల పోత. నువ్వు కార్ల రా, చీరెలు తెచ్చెటందుకు పనికొస్తవ్.”

ఆమె బస్టాండుకు, నేను పెట్రోలు బంకుకు. పెబ్బేరు దాటాక హైవే మీద ఆమె ఎక్కిన బస్సే నన్ను దాటింది. కిటికీ పక్కన కూర్చుని, ఎవరో కొత్తావిడతో పల్లీలు పంచుకుంటోంది. నన్ను చూసింది గానీ, గుర్తుపట్టినట్టు ఒప్పుకోలేదు. బస్సు పట్టే జాగాలో నా కారులాంటివి మూడు పడితే ఎక్కువ. అందులో యాభై మంది, ఈ మూడింట్లో ముగ్గురం. ఈ లెక్క నాకు స్టీరింగు పట్టుకున్నాకే తట్టింది.

గద్వాలలో బండి పెట్టే జాగా దొరకలేదు. కోట చుట్టూ మూడుసార్లు తిరిగాను. దాన్ని కట్టించిన పెద్ద సోమభూపాలుడి కాలంలోనైతే ముట్టడి అనుకుని తలుపులు మూసేవారు. గద్వాల చీరను అగ్గిపెట్టెలో పట్టేట్టు మడవొచ్చంటారు. కారును మడిచే విద్య ఏ మగ్గం మీదా లేదు. ఎక్కడో సందులో వదిలేసి చెమటలు కక్కుతూ వచ్చేసరికి బేరం ముగిసింది. బిల్లు మాత్రం నాకోసం ఆగింది.

కాబట్టి అయ్యా, నా విన్నపం చిన్నది. మా మూడు ఊళ్ల మధ్య ఇంకొన్ని బస్సులు వేయించండి. చీకటి పడ్డాక కూడా ఒకటి. మగపుట్టుక పుట్టినందుకు టికెట్ కొంటాను, పైగా నిలబడి వస్తాను. బస్టాండు దాకా నడవడానికి మూరెడు బాట ఇప్పించండి. ఇప్పుడా మూరెడూ కార్లవే, ఒక్కోరోజు నాది కూడా.

నా వంతుగా కారును అమ్మకానికి పెట్టాను. అరుగు మళ్లీ కట్టమని మేస్త్రీని పిలిచాను. వచ్చాడు. వాకిట్లో నిలబడి, తన కారు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు.