మెంతిపొడికి మిషను సర్టిఫికెట్

మన నల్లగొండ, పాలమూరు అంగళ్లలో షుగర్ మందు వేషం మార్చింది. ఇదివరకు పొడి డబ్బా మీద గడ్డం స్వామి బొమ్మ ఉండేది. ఇప్పుడు గ్రాఫు వచ్చింది. నిట్టనిలువు గీతలు, కింద అంకెలు, 'మాస్ స్పెక్ట్రోమెట్రీలో రుజువైంది' అని ఎర్రక్షరాలు. స్వామిని ప్రశ్నిస్తే పాపం, గ్రాఫును ప్రశ్నిస్తే అజ్ఞానం.

పాపం, ఆ యంత్రం చేసేది తూకమే. అణువుకు విద్యుదావేశం ఎక్కించి బరువు చూస్తుంది. మెంతుల్లో 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. ఇన్సులిన్ ఊరడానికి అది తోడ్పడుతుందని ప్రయోగశాలల్లో చూసిందే. దాని అణుభారం 147. అజినోమోటో ఏ ఆమ్లపు లవణమో, ఆ గ్లుటామిక్ ఆమ్లానిదీ 147! మంచి యంత్రం దశాంశాల్లో తేడా పట్టుకుంటుంది. ఉత్త 147 చూసి చంకలు గుద్దుకునేవాడి లెక్కన, క్లాక్ టవర్ కాడ నూడుల్స్ బండి నడిపేవాళ్లంతా షుగర్ డాక్టర్లే.

సరే, అణువు ఉంది. ఎంత తినాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, టైప్-1 షుగర్ ఉన్నవాళ్లకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు పెట్టారు. పగలు సగం, రాత్రి సగం, 10 రోజులు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెచ్చుకోవాల్సిందే. కానీ 100 గ్రాములంటే జొన్నపిండికి బదులు మెంతిపిండితో రొట్టె కొట్టుకోవడమే! అంగట్లో డబ్బా అమ్మే ఆయన చెప్పేది మాత్రం పరగడుపున ఒక్క చెంచా.

ఇంకో తమాషా. మెంతుల్లో దాదాపు సగం పీచే. కడుపులో జిగురుగా ఉబ్బి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గించేది అదే. యంత్రానికి సాధారణంగా ఇచ్చేది ఆల్కహాల్‌లో తీసిన సారం. పీచు వడపోత కాగితం మీదే మిగిలిపోతుంది. అసలు పనిమంతుడు చెత్తబుట్టకు, ఫొటో గోడకు.

'ఇంగ్లీషు గోలి వద్దు, చెట్టు మందే కావాలి' అనే పెద్దమనుషులకు ఒక మాట. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలికి దారి చూపింది గెలీగా అనే చెట్టు మందే. కాకపోతే ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ మెట్‌ఫార్మిన్‌ను రోగులకు ఇచ్చి చూసి, 1957లో ఫలితం ప్రకటించాడు. గ్రాఫు దగ్గరే ఆగలేదు.

మెంతులు పోపులో వేసుకోండి, పచ్చట్లో వేసుకోండి. డాక్టర్ రాసిన గోలి మాత్రం మానకండి. డబ్బా చూపించేవాణ్ని ఎంత మోతాదు, ఎందరికిచ్చారు, ఎన్నాళ్లిచ్చారు అని అడగండి. షుగర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గ్రాఫు అచ్చువేస్తే మినహాయింపు అని అందులో ఎక్కడా లేదు.