కిందికి దిగితే బండి ఉంటుంది

హైదరాబాద్‌లోని అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో దారి చెప్పాలంటే కుడి, ఎడమ అంటే సరిపోదు. కింద, పైన అని కూడా చెప్పాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసనుకున్నాను. నిజానికి తెలిసింది సగమే. ఆ సగం తెలివితోనే మా పెద్దమ్మకు దారి చెప్పి, కూకట్‌పల్లి వెళ్లాల్సిన మనిషిని ఎల్బీనగర్ పంపాను.

ఆ స్టేషన్ కట్టడాన్ని మొదటి నుంచీ చూసినవాణ్ణి నేను. పనులు సాగిన ఏళ్లలో మైత్రీవనం భవనం ముందు రోడ్డంతా రేకుల అడ్డుగోడలే. కంప్యూటర్ కోర్సుల ఫ్లెక్సీల కింద, దుమ్ములో, బస్సుకూ బస్సుకూ మధ్య దూరి నడిచేవాళ్లం. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసిన పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మలు రాత్రిపూట పొడవాటి ట్రెయిలర్ల మీద వచ్చేవి. స్తంభాల మీద నిలబెట్టిన గర్డర్ వాటిని ఒక్కొక్కటిగా పైకి లాగి, పక్కపక్కనే చేర్చి బిగించేది. రోడ్డు వెడల్పు చేయడానికి జాగా లేని ఊళ్లో డివైడర్ మీద ఒక్క వరుస స్తంభాలు లేపి, వాటి మీదే స్టేషన్‌ను నిలబెట్టడం మామూలు పని కాదు. ఇప్పటికీ ఆ స్తంభాల కింద నడుస్తుంటే తలెత్తి చూస్తాను.

అమీర్‌పేటలో కష్టం రెండింతలు. ఇక్కడ రెండు లైన్లు కలుస్తాయి. నాగోలు నుంచి వచ్చే నీలం లైను పైన, మియాపూర్ నుంచి వచ్చే ఎరుపు లైను దాని కింద. టికెట్ కౌంటర్లు, తనిఖీ, గేట్లు ఆ రెండింటికీ దిగువన, రోడ్డుకు ఎగువన. ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కేవాళ్లు గేటు దాటి బయటికి రానక్కర్లేదు, లోపలే అంతస్తు మారితే చాలు.

2017 నవంబర్ 28న మెట్రో ప్రారంభమైంది. మర్నాటి నుంచి జనం ఎక్కారు. నాగోలు నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు అని చెప్పారు గానీ, ఒకే బండి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేది కాదు. నాగోలు బండి పైన ఆగిపోయేది, మియాపూర్ బండి కింద ఆగిపోయేది. అందరూ అమీర్‌పేటలో దిగి మారాల్సిందే. నేను రోజూ తిరిగింది ఆ నెలల్లోనే. పై నుంచి మెట్లు దిగితే కింద ఏ వైపు బండి ఎక్కినా అది మియాపూరే పోయేది. వేరే ఊసే లేదు. ‘కిందికి దిగితే బండి ఉంటుంది, ఎక్కడమే’ అన్న మాట అప్పుడు నా బుర్రలో స్థిరపడిపోయింది. ఆ తర్వాత నా ఆఫీసు మారింది, మెట్రోతో పని తగ్గింది.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మరో 16 కిలోమీటర్లు తెరిచారు. పేపర్లో చదివాను, సంతోషించాను, నలుగురికీ చెప్పాను. కానీ ఆ వార్తకూ నా బుర్రలో ఉన్న మాటకూ సంబంధం కుదరలేదు. ఆనాటి నుంచి కింద రెండు ప్లాట్‌ఫాంలకు రెండు దిక్కులు. ఒకటి మియాపూర్ వైపు, ఒకటి ఎల్బీనగర్ వైపు.

ఆ దసరాకు ముందు పెద్దమ్మ తార్నాకలో మా ఇంటి నుంచి మియాపూర్ దారిలో ఉన్న కూకట్‌పల్లిలో తన మనవరాలి దగ్గరికి బయల్దేరింది. నేను వెంట వెళ్లాల్సింది. పని ఉందని చెప్పి, నీలం లైను మీదున్న తార్నాక స్టేషన్ దాకా తీసుకెళ్లి టోకెన్ చేతిలో పెట్టి, ఆ పాత మాటే చెప్పాను. పెద్దమ్మ దగ్గర ఫోన్ లేదు. అమీర్‌పేటలో ఆమె దిగిన మెట్లు ఎల్బీనగర్ ప్లాట్‌ఫాం మీదికి చేర్చాయి. బండి వచ్చింది. పంజాగుట్ట, ఖైరతాబాద్, నాంపల్లి... మూసీ కూడా దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పక్కన కూర్చున్న పిల్లను అడిగితే విషయం బయటపడింది. ఎల్బీనగర్‌లో ఆ పిల్లే దించి, తిరుగు బండి ఎక్కించింది. కూకట్‌పల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు.

ఇంతవరకు జరిగినదాన్ని పొరపాటు అనొచ్చు. నా అసలు తెలివితక్కువతనం సాయంత్రం ఫోన్లో బయటపడింది.

“బోర్డు చూసుకోవద్దా పెద్దమ్మా? తెలుగులో అనౌన్స్ చేస్తారు కదా, వినలేదా?” అన్నాను. గొంతు కూడా పెంచాను.

“నువ్వు కిందికి దిగమన్నవ్, దిగిన. బండి ఉంటదన్నవ్, ఉన్నది. ఎక్కిన” అంది.

ఆ మాటల్లో కోపం లేదు. నేను చెప్పినదాన్ని అక్షరం పొల్లుపోకుండా చేసిందామె. చిన్నప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని రెండు బస్సులు మార్పించి పరీక్షకు తీసుకెళ్లిన మనిషి. ఆమెకు దారులు తెలియవని నేనెట్లా అనగలిగాను?

తరువాతి ఆదివారం అమీర్‌పేట వెళ్లి, పై ప్లాట్‌ఫాం నుంచి ఆమె దిగినట్టే దిగాను. ఎల్బీనగర్ వైపు నిలబడితే ఎదురుగా మియాపూర్ ప్లాట్‌ఫాం మీద మనుషుల ముఖాలు కూడా కనిపిస్తాయి. మధ్యలో రెండు పట్టాలే. అయినా అక్కడికి చేరాలంటే మెట్లెక్కో దిగో చుట్టి రావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదెంత దూరమో ఆ రోజు ఆలోచించాను. ఇంకోటి కూడా చూశాను. ప్లాట్‌ఫాం ఆరు బోగీలకు సరిపడా కట్టారు, వచ్చే బండికి మూడే బోగీలు. చోటు తెలియక చివర నిలబడ్డ ముసలాయన బండి ఆగాక దాని వెంట పరుగు తీశాడు. ఈ స్టేషన్ నాకు తెలుసని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గానీ, ఇవేవీ నా కంట పడలేదు. తొందరలో దిగి, తొందరలో ఎక్కి, గోడల మీద ఏముందో చూడకుండానే తిరిగాను.

ఇప్పుడు ఎవరికి దారి చెప్పినా ముందు బండి చివరి స్టేషన్ పేరు చెబుతాను. ఆ పేరు బోర్డు ఉన్న మెట్లే దిగమంటాను, ఎక్కేముందు పక్కవాళ్లను ఒక్క మాట అడగమంటాను. 2019 మార్చిలో పై లైను హైటెక్ సిటీ దాకా పొడిగించాక పైన కూడా రెండు దిక్కులయ్యాయి, కాబట్టి అమీర్‌పేటలో దిగడం మరిచిపోవద్దని కూడా చెబుతాను. ముసలివాళ్లయితే వెంట వెళతాను.

పెద్దమ్మ మాత్రం మళ్లీ మెట్రో ఎక్కలేదు. కూకట్‌పల్లి పోవాలంటే సికింద్రాబాద్ పోయి బస్సు మారుతుంది, ట్రాఫిక్‌లో గంటల తరబడి కూర్చుంటుంది. నేను తీసుకెళతానన్నా వద్దంటుంది. బస్సులో అయితే అడగడానికి కండక్టర్ ఉంటాడట.