ఫ్లెమింగోలకు బొత్తిగా బాధ్యత లేదు

పులికాట్ సరస్సు ఫ్లెమింగోల మీద ఈ సీజన్‌లోనూ ఫిర్యాదులు బాగానే ఉన్నాయి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రాత్రంతా కారు తోలుకొచ్చి, సూళ్లూరుపేటలో ఇడ్లీ కూడా తినకుండా చీకటితోనే శ్రీహరికోట రోడ్డెక్కిన మనిషికి ఆ పక్షులు చేసే మర్యాద ఏమిటయ్యా అంటే, తల బురదలో పెట్టి వీపు ఇటు తిప్పి నిలబడడం. 12 లక్షల పైచిలుకు పోసి కొన్న లెన్సు తమ వంకే చూస్తోందన్న ఇంగితం కూడా ఉండదు.

అంత దీక్షగా ఏం చేస్తున్నాయని ఆరా తీస్తే, తింటున్నాయట. ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచుల్లో ఉన్న జల్లెడలో వడగట్టి, నాచునూ కంటికి ఆనని రొయ్యజాతి జీవాలనూ మింగుతాయి. అడుగున ఉన్నది పైకి రావడానికి మధ్యమధ్య కాళ్లతో బురద తొక్కుతాయి. అంత పొడుగు పక్షి అంత చిన్న మేతతో కడుపు నింపుకోవాలంటే పూటల తరబడి అదే పని. కష్టజీవులే, కాదనం. కష్టజీవుల ఫొటోకి లైకులు ఎవరు కొడతారు?

దీనికి తోడు రంగు మోసం ఒకటి. గులాబీ పక్షి అని గోడ క్యాలెండర్లు చెప్పగా నమ్మి వస్తాం. వచ్చి చూస్తే తెల్లగా, మహా అయితే కాస్త కనకాంబరం చాయ తగిలినట్టు కనిపిస్తుంది. అసలు ఎరుపూ, దాని పక్కన నలుపూ రెక్కల మడతలో ఉంటాయి. రెక్క విప్పితేనే దర్శనం. మడత విప్పకుండా పట్టుచీర అమ్మే కొట్టువాణ్ని ఎక్కడైనా చూశామా? పిల్ల ఫ్లెమింగోలది మరీ అన్యాయం, వాటిది బూడిద రంగు. తిండిలోని రంగు ఒంటికి పట్టి గులాబీ తేలడానికి కొన్నేళ్లు కావాలి. అన్నాళ్లు సెలవు ఏ ఆఫీసు ఇస్తుంది?

కాబట్టి లేపాలి. చప్పట్లతో మొదలుపెట్టి, కారు హారన్ మీదుగా, వెంట తెచ్చుకున్న మిత్రుణ్ని బురదలోకి దింపి అవతలి వైపు నుంచి అదిలించమనే దాకా దీనికి చాలా మెట్లున్నాయి. ఆ రోడ్డు మీద ఒక సారు కనిపించాడు. ఒంటి మీద ఆకులు, కొమ్మలు అచ్చేసిన చొక్కా, అదే గుడ్డతో ప్యాంటు, టోపీ, లెన్సుకు కూడా అదే తొడుగు. పక్షి కంట పడకూడదని ఈ వేషం. అక్కడ చూస్తే కనుచూపు మేర బురద, నీళ్లు, ఆకాశం. మొత్తం ఆ తావులో పచ్చగా ఉన్న ఏకైక పొద ఆయనే. పక్షులన్నీ ఆ పొదనే జాగ్రత్తగా గమనిస్తున్నాయి.

పక్కనే వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఆ చప్పట్లు కాసేపు విని, ఉండబట్టలేక అడిగాడు.

"మేస్తా ఉండాయి గదా సార్, దేనికి లేపేది?"

"ఎగిరితేనే బాగుంటాయి తాతా."

"ఎవురికి సార్?"

సారు ఫోకస్ సరిచేసుకునే పనిలో ఉండి ఈ ప్రశ్న వినలేదు. గుంపు లేచింది. ఫ్లెమింగో ఉన్నపళంగా గాల్లోకి ఎగరలేదు. మెడ ముందుకు చాచి, నీళ్ల మీద దబదబా పరుగెత్తి, ఆ ఊపులో లేవాలి. పొద్దుటి నుంచి జల్లెడ పట్టి కూడబెట్టుకున్న మేతలో కొంత ఆ పరుగుకే చెల్లు. సెకనుకు ఇరవై ఫొటోల లెక్కన కెమెరా గడగడలాడింది. ఇంటికెళ్లాక ఆ వందల్లోంచి ఒకటి తేల్చి, 'ప్రకృతి ఒడిలో ప్రశాంతంగా' అని శీర్షిక పెడతారు.

పక్క వీధిలో ఉన్నవాళ్లను చూసైనా నేర్చుకోవద్దూ? సరస్సుకు అవతలి ఒడ్డు శ్రీహరికోట. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేచింది మొదలు అక్కడ అంతా పద్ధతి ప్రకారం. ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా నిమిషం అని ముందే చెప్పి, అంకెలు వెనక్కి లెక్కపెట్టి మరీ లేపుతారు. జనం టిఫిన్ ముగించుకుని తీరిగ్గా చూడొచ్చు. పక్షికి అలాంటి కౌంట్‌డౌన్ ఏర్పాటేమీ లేదు. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. వాతావరణం బాగోలేక రాకెట్ వాయిదా పడితే, చప్పట్లు కొట్టి లేపుదామని ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.

సూర్యుడి మీద కూడా చిన్న అభియోగం ఉంది. మన కోస్తా ఎండ సంగతి తెలిసిందే, పొద్దెక్కితే చాలు, బురద మీద వేడిగాలి అలలు అలలుగా ఆడుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ గాలిలోంచే కదా చూడాలి! పక్షి అంచులు కరిగిపోయి ఫొటో అలుక్కుపోతుంది. అప్పుడు బయటికొచ్చే మాట 'రికార్డ్ షాట్'. బాగా రాలేదని చెప్పడానికి మర్యాదైన పద్ధతి.

ఫ్లెమింగోలు ముఖం చాటేస్తే కార్లన్నీ నేలపట్టు పక్షుల కేంద్రం వైపు తిరుగుతాయి. నెల్లూరు జిల్లాలో ఉండే ఈ ఊళ్లన్నీ 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, పక్షులకు ఆ జీవో అందినట్టు లేదు, ఎప్పటిలాగే వస్తున్నాయి. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడ దాకా దూరి చేపలు తింటుంది. చూడ్డానికి అంతకన్నా ఏం కావాలి? కానీ 'కొమ్మ అడ్డమొస్తోంది'. ఆ కొమ్మను కాస్త వంచితే ఫ్రేము శుభ్రంగా ఉంటుందని కావలివాడికి నచ్చజెప్పబోయేవాళ్లుంటారు. పిల్ల మీద ఎండ పడకుండా ఉన్నది ఆ కొమ్మ వల్లేనన్నది వేరే సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని కూడా వేట కిందే జమ కట్టింది. చట్టం రాసినవాళ్లకు లైటింగ్ గురించి తెలియదు.

ఆ ఊరి రైతులది ఇంకా పాతకాలపు వ్యవహారం. పక్షుల రెట్టలు కలిసి సారమెక్కిన చెరువు నీళ్లు పొలాలకు పారితే పైరు బాగుంటుందని వాళ్ల లెక్క. పక్షి వచ్చిందా, చెరువు నిండిందా, ఇంతే చూసుకుంటారు. కెమెరాలు లేవు కనుక వాళ్లను పక్షి ప్రేమికులు అనలేం.

సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నారు. నడుమ కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ మొదలైంది. పక్షి పేరు చెప్పి బడిపిల్లలు ఒడ్డు దాకా వస్తారు కదా, అది నిజంగా మంచి పని. టెలిస్కోపులో ఒంటికన్ను పెట్టిన పిల్లవాడికి తల ఎక్కడుందో వెతకడమే గొప్ప సరదా. ఎగరలేదని వాడు అలగడు.

మన చొక్కా పొద సారు మాత్రం అలిగాడు. లేపిన గుంపు లేచినచోట దిగలేదు, సరస్సు నడిమధ్యకు వెళ్లి దిగింది. అంత దూరానికి 600 ఎంఎం లెన్సు చాలడం లేదట, వచ్చే సీజన్‌కు 800 ఎంఎం తీసుకుంటున్నాడు. పక్షులకు ఈఎంఐ బెడద లేదు. అవి ఆ సాయంత్రమే ఇంకో అర కిలోమీటరు లోపలికి జరిగాయి.