మెక్సికో ఇల్లరికం

మా బావ ఉద్యోగం హైటెక్ సిటీలో, కాపురం మియాపూర్‌లో, ఉండేది మాత్రం మెక్సికోలో. 2021 నవంబరులో, మెక్సికోలో సాగే ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు వీడియోగేమ్ విడుదలైంది మొదలు ఆ దేశానికి ఆయన ఇల్లరికపుటల్లుడు. రాత్రిళ్లు అక్కడే మకాం, తెల్లారితే అక్కడివాళ్ల మీదే చాడీలు. ఇలాంటి బావలు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నారు గానీ, అలకలో మావాడిది పెద్దపీట.

పెట్టుపోతలు మరీ ఎక్కువైపోయాయన్నది ఆయన మొదటి ఫిర్యాదు. "మొదట్లోనే కార్వెట్ చేతిలో పెట్టేస్తే ఇంక నేను సాధించేదేముందిరా?" అంటాడు. మాట నిజమే. ఆ ఆటలో గెలిచినా కారే, ఓడినా ఏదో ఒకటి ముడుతుంది. వీల్‌స్పిన్ అని ఒకటుంది. గిర్రున తిరిగి ఒకసారి ఫెరారీ ఇస్తుంది, ఇంకోసారి ప్యాంటు ఇస్తుంది. ప్యాంటు వచ్చిన రాత్రి బావ ముఖం చూడాలి. "అల్లుడికి బట్టలు పెట్టడం ఆనవాయితీయే కదా బావా" అంటే పలకడు.

గ్యారేజీలో వందల కార్లున్నాయి, తిప్పేది ఐదారు. అయినా గురువారం రాత్రి ఫెస్టివల్ ప్లేలిస్ట్‌లో కొత్త పనులు పడగానే ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా కదలడు. ఈ వారం కారు ఈ వారమే, మళ్లీ ఎప్పుడిస్తారో ఏమో!

"రివైండ్ పెట్టి రేసింగ్‌ని చంపేశారు" అన్నది రెండో ఫిర్యాదు. గ్వానహ్వాతో సందుల్లో గోడకి గుద్దుకుని, వై బటన్ నొక్కి కాలాన్ని వెనక్కి లాక్కుంటూనే అంటాడీ మాట. ఊరి బయట ఆ బాధ కూడా లేదు. రాతిగోడ మీదికి పోనిస్తే గోడ పోతుంది, కారు మీద గీతలు పడతాయి, అంతే. జనమంటారా, ఎటు తోలినా చివరి క్షణంలో పక్కకి దూకేస్తారు. ఇదే మనిషి సెల్లార్‌లో సొంత కారు రివర్స్ తీయాలంటే వెనక వాచ్‌మన్ "రానీ సార్, రానీ" అంటూ ఉండాలి.

కంప్యూటర్ నడిపే కార్లలో ముందున్నది అందకుండా పోతే "మోసం" అని అరుస్తాడు. కాసేపటికి ఎవరూ చూడకుండా డిఫికల్టీ ఒక మెట్టు దించుతాడు.

మెచ్చుకోలు మాత్రం నోట రాదు, చేతల్లో పట్టుకోవాలి. గ్రాన్ కాల్డెరా అగ్నిపర్వతం మీదికెక్కాక రేసు మధ్యలో వదిలేసి కారాపుతాడు. కింద ఎడారి వైపు దుమ్ము తుపాను లేస్తుంటుంది. ఫొటో మోడ్ తెరిచి ఫోకస్, ఎపర్చర్ సరిచూసుకుంటూ అరగంట కూర్చుంటాడు. ఊటీలో అక్క ఫొటోలన్నీ తల తెగ్గొట్టి తీసింది ఈ చేతులే. ఆ ఎండనీ దుమ్మునీ అంత నమ్మకంగా దించిన ప్లేగ్రౌండ్ గేమ్స్ వాళ్లది ఇంగ్లండు అని చెబితే నొచ్చుకుంటాడు. అత్తవారిని ఆయన తిట్టాలి గానీ, మనం ఆరా తీయకూడదు.

ఆరో భాగం జపాన్‌లోనని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. "చచ్చినా కొనను" అన్నాడు బావ. అక్క వంటింట్లోంచే అంది: "కొనండి. అక్కడైనా ఎడమపక్క నడపడం వస్తుంది."