మా ఇంటి గుప్పెడు మర్రి

పుట్టుకతోనే పొట్టిగా ఉండే చెట్ల జాతి ఒకటుందని, దాని పేరే బోన్సాయ్ అని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే కందిపప్పుకని సూపర్ మార్కెట్‌కి వెళ్లినవాణ్ణి, బిల్లు కట్టేచోట చాక్లెట్లకీ బ్యాటరీలకీ మధ్య 499 రూపాయల చీటీ మెళ్లో వేసుకుని నిలబడ్డ చెట్టుని ఇంటికి తెచ్చాను. కందిపప్పు మర్చిపోయాను. ఆ రాత్రి మా ఇంట్లో చారు, అప్పడం, మౌనం.

తీరా చూస్తే అది ఫైకస్ మైక్రోకార్పా. మన మర్రికీ రావికీ మేడికీ వేలువిడిచిన చుట్టం. నేలలో పాతితే మహావృక్షమయ్యే బాపతు. దాన్ని పొట్టిగా ఉంచేది జాతి కాదు, వేర్లూ కొమ్మలూ కత్తిరిస్తూ కూర్చునే మనిషి ఓపిక. నాకు లేనిదీ అదే. మా చెట్టుకి కింద ఉబ్బిన వేర్లు పైకి తేలి ఉంటాయి, మీద వేరే రకం గుబురు అంటుకట్టి ఉంటుంది. దీన్ని జిన్సెంగ్ అనే పేరుతో అమ్ముతారు. పేరులో ఉన్న జిన్సెంగ్ చెట్టులో ఎక్కడా లేదు.

అమ్మ కళ్లద్దాలు సవరించుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరేయ్, గోడలో మర్రి మొలిస్తే డబ్బులిచ్చి పీకిస్తారు. నువ్వు డబ్బులిచ్చి తెచ్చుకున్నావా?" అంది. ఆవిడది కదిరి. ఆ పక్కనే తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాలు కమ్మేసి, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ వంశంలో పుట్టినది మా హాల్లో ఊడలు దించితే సోఫా ఎక్కడ వేస్తావని ఆవిడ బెంగ. బెంగపడాల్సింది సోఫా గురించి కాదని తర్వాత తేలింది.

మొక్కకి నీళ్లు పోయడం పుణ్యమని మా ఇంట్లో అందరి నమ్మకం. పొద్దున్నే కాఫీ తాగుతూ నేను పోసేవాణ్ణి. నేను మర్చిపోయి ఉంటానని, నా చరిత్ర తెలిసిన మా ఆవిడ ఇంకోసారి పోసేది. అమ్మ పూజయ్యాక పంచపాత్రలో మిగిలింది తులసికీ దీనికీ పంచేది. మావాడు స్కూలు నుంచి వచ్చి సీసాలో అడుగున మిగిలిన నీళ్లు ఒంపేవాడు. కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కుండీకి అడుగున చిల్లుంది, నిజమే. కానీ టీపాయ్ మీద మరక పడకూడదని దాన్ని తీసుకెళ్లి పింగాణీ గిన్నెలో కూర్చోబెట్టింది నేనే.

ఆకులు పసుపు తిరగడం మొదలైంది. నీళ్లందక ఎండినా ఆకు వాడుతుంది, నీళ్లెక్కువై వేరు కుళ్లినా వాడుతుంది. నాలాంటివాడు రెండింటికీ ఒకటే వైద్యం చేస్తాడు: మళ్లీ నీళ్లు. అది చాలదన్నట్టు ఏసీ కింద నుంచి కిటికీ దగ్గరికి, కిటికీ నుంచి ఫ్రిజ్ మీదికి, అక్కణ్ణించి వాస్తు ప్రకారం ఈశాన్యానికి మార్చాను. ఫైకస్‌కి చోటు మారిస్తే అలిగి ఆకులు రాలుస్తుందట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు.

వైద్యం చేతకానివాడు చరిత్ర చదువుతాడు. అమెరికాలో వాషింగ్టన్ జాతీయ వృక్షోద్యానంలో ఒక జపాన్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి బోన్సాయ్‌గా పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అక్కడికి దాదాపు 3 కిలోమీటర్ల దూరంలో, యజమానుల ఇంటి పెరటి గోడ చాటున ఉండి బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకి బహూకరించారు. దాని వెనక ఇంత కథ ఉందని వాషింగ్టన్‌లోని వాళ్లకి 2001లో ఆయన మనవలు వచ్చి చెబితేగానీ తెలియలేదు. ఈ కథ గద్గదంగా చెప్పి, "చూశావా, అణుబాంబుకే చావలేదు" అన్నాను. "యమాకిగారింట్లో మీరు లేరు కదండీ" అంది మా ఆవిడ.

చివరికి కడియంలో ఉండే మా తోడల్లుడికి వీడియో కాల్ చేశాను. ఆ ఊళ్లో ఎటు చూసినా నర్సరీలే. ఈయన చేసేది బ్యాంకు ఉద్యోగమే అయినా ఆ గాలికే సగం విద్య అబ్బింది. "అన్నయ్యగారూ, ముందు కాండం మీద గోటితో చిన్నగా గీకండి. లోపల పచ్చగా ఉందా?" అన్నాడు. గీకాను. సన్నటి పచ్చగీత, దాని అంచున గుండుసూది తలంత తెల్లటి పాలచుక్క. "ఉందండీ!" అని అరిచాను. పక్కింటివాళ్లు కూడా తొంగిచూశారు. "అయితే ప్రాణముందండి. ఇక తమరు చెయ్యి పెట్టకపోతే బతుకుతుందండి."

పైన ఉన్న తెల్ల గులకరాళ్లు తియ్యమన్నాడు. రాలేదు. అన్నిటినీ గమ్ముతో అతికించేశారు, దారిలో ఒలికిపోకూడదని కాబోలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే, కింద కొబ్బరిపొట్టు నల్లటి బురదై ఉంది. మురుక్కాల్వ వాసన. మెత్తబడ్డ వేర్లు కత్తిరించి, గట్టిగా ఉన్నవి ఉంచి, ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, కాస్త వర్మీకంపోస్టు కలిపి నాటమన్నాడు. ఇటుకలకి లోటు లేదు, పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు. వాటిని అమ్మ రోట్లో దంచాను. ఆ రోజు విన్నవి ఈ పత్రిక అచ్చు వెయ్యదు.

బాల్కనీలో, పొద్దుటెండ తగిలేచోట, నాలుగు వారాలకి బియ్యపు గింజంత చిగురు వచ్చింది. రాగానే నేను తీగచుట్ట కొన్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దలు అల్యూమినియం తీగ చూసి ఉండరు. "నిన్న ఐసీయూలోంచి బయటపడ్డ మనిషికి ఇవాళ కూచిపూడి నేర్పుతారేంటండీ!" అని తోడల్లుడు ఫోన్లోనే నెత్తి కొట్టుకున్నాడు.

ఇంతకీ మా బాల్కనీ బయట డ్రైనేజీ పైపు పక్కన గోడ పగుల్లో ఒక రావి మొక్క ఉంది. మట్టి లేదు, కుండీ లేదు, ఎరువు లేదు. అసోసియేషన్ వాళ్లు నరికించారు, యాసిడ్ పోయించారు. వానాకాలం వచ్చేసరికి గాలికి ఆకులూపుతూ మా ఫైకస్‌ని పలకరిస్తుంది. దాని ఎదుట నిలబడాలంటే నాకు సిగ్గు.

ప్రస్తుతం ఇంట్లో నీళ్లు పోసే అధికారం ఒక్కరికే. ఆ ఒక్కరూ నేను కాదు. మా ఆవిడ మట్టిలో ఒక కణుపు లోతు వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే పోస్తుంది, అడుగు చిల్లులోంచి కారేదాకా. పింగాణీ గిన్నెలో ఇప్పుడు నిమ్మకాయలున్నాయి.

మా ఇంటికొచ్చే బంధుమిత్రులకు ఒక మనవి. కాఫీకి ముందిచ్చే మంచినీళ్లు పూర్తిగా తాగండి. మిగిలితే సింకులో పొయ్యండి. బాల్కనీ వైపు మాత్రం వెళ్లకండి.