పురుగుకు అత్తరు మర్యాద

శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా వెళ్లే అమ్మానాన్నల పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడుల నడుమ సోనామసూరి మూట కూడా ఒక్కోసారి సర్దుకుని కూర్చుంటుంది. పురుగు పట్టకుండా దానికి కొత్త మర్యాద: రెండు చుక్కల లవంగ తైలం, కాదంటే నీలగిరి తైలం. "కెమికల్ లేదు, అంతా నేచురల్" అని యూట్యూబ్ పండితుల భరోసా.

ముక్కు పురుగుకు ఆ వీడియోలు చూసే తీరిక లేదు. ఆడ పురుగు బియ్యపు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల ఆ గింజలోనే తిని, పెరిగి, రెక్కలొచ్చాక బయటపడుతుంది. డబ్బా ఘుమఘుమలాడుతున్నా లోపలి భోజనాలకు ఆటంకం ఉండదు.

ప్రయోగశాలలో చచ్చాయి కదా? చచ్చాయి. లవంగంలోని యూజినాల్, నీలగిరిలోని సినియోల్ ఆవిరికి పురుగులు చావడం నిజమే. కాకపోతే బిగించిన చిన్న గాజు సీసాలో. సీసా నిండా గింజలు పోస్తే ఆవిరిలో చాలా భాగం అవే పీల్చేసుకుంటాయి. మోతాదు పెంచామా, పప్పన్నం కాస్తా జలుబు మందు వాసన కొడుతుంది.

పోనీ, గాలి చొరబడనంత గట్టిగా డబ్బా బిగిద్దాం. అప్పుడు లోపలి ఆక్సిజన్‌ను పురుగులే పీల్చి తగ్గించుకుని, తిండి మాని, చివరికి చస్తాయి. గాలి చొరని ధాన్యం సంచుల రహస్యం ఇంతే. మూత లూజైతే తైలం పనిచేయదు, బిగువైతే తైలంతో పనిలేదు. రెండు విధాలా లాభం సీసా అమ్మినవాడిదే!

అమ్మమ్మల ఆముదాన్ని సాక్ష్యానికి పిలవడం మరో చమత్కారం. పప్పుల పురుగు గుడ్డు పెట్టేది గింజ పైన. ఆముదం పట్టిస్తే ఆ గుడ్డుకు ఊపిరాడదు. అది ఆవిరైపోని నూనె. ఆ కీర్తిని ఇట్టే ఎగిరిపోయే అత్తరు తన ఖాతాలో వేసుకుంటోంది.

"అమెరికాలో అనుమతి ఉంది" అన్నది ఆఖరి బాణం. లవంగ, సిట్రోనెల్లా తైలాల వంటి కొన్నింటితో చేసే పురుగు మందులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అక్కడి పర్యావరణ సంస్థ 1996లో మినహాయించింది. ప్రమాదం తక్కువని అన్నదే తప్ప, పనిచేస్తాయని పూచీ పడలేదు. అదే అమెరికా, నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగుకు భయపడి, భారత్ వంటి దేశాల ప్రయాణికుల సామాన్లలో బియ్యాన్ని 2011 నుంచి నిషేధించింది. దాని పిల్ల పురుగు తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలదు. అలాంటి తపస్వికి రెండు చుక్కల సుగంధం ధూపసేవ కాబోలు.

శంషాబాద్‌కు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. ధాన్యానికి పొగబెట్టడం అక్కడ శిక్షణ పొంది చేసే పని. ఎంత గ్యాసు, ఎన్ని గంటలు, ఎక్కడ లీకు అన్న లెక్కలు తేలాలి. చుక్కల వైద్యంలో ఈ మూడూ ఉండవు.

కాబట్టి బియ్యం నెలకు సరిపడా కొనండి, పాత నూక దులిపి డబ్బా ఎండబెట్టండి, మూత బిగించండి. అమెరికాకు మాత్రం మూట మోయకండి. అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనామసూరి దొరుకుతుంది.